మూతి దాకా చెక్క ఉన్న వేట రైఫిల్: ధర మాట్లాడే ముందు బ్యారెల్ కొలవండి

మామూలు వేట రైఫిల్‌లో ముందు చెక్క బ్యారెల్ సగంలో ఆగిపోతుంది. ఫుల్ స్టాక్‌లో అది తుపాకీ మూతి దాకా వచ్చి, చివర ఒక ఉక్కు టోపీలో దూరుతుంది. ఆస్ట్రియా, జర్మనీ కొండల్లో వేటాడేవాళ్ల కోసం వచ్చిన తీరు ఇది. అక్కడ స్టుట్జెన్ అంటారు. భుజాన తగిలించుకుని రాళ్లెక్కాలి కాబట్టి బ్యారెల్ పొట్టిగా ఉంటుంది, దానికి దెబ్బ తగలకుండా కింద నిండా చెక్క ఉంటుంది.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇలాంటిది చేతికి వచ్చిందంటే చాలావరకు వారసత్వంగానో, వారసులు అమ్మకానికి పెడితేనో వస్తుంది. అప్పుడు వినపడే మొదటి మాట "ఇది మాన్లిషర్ అండి". ఆ మాటను వెంటనే నమ్మకండి. మాన్లిషర్ అనే పేరు మూడింటికి అతుక్కుంది. ఒకటి, ఈ నిండు చెక్క తీరు, ఏ కంపెనీది అయినా సరే. రెండు, ఆస్ట్రియాలో స్టైర్ కర్మాగారం చేసిన మాన్లిషర్-షోనావర్ రైఫిల్. మూడు, మన దేశంలో అందరికీ తెలిసిన .315 బోరు తూటా. అది అసలుకు 8×50 (గుండు మందం 8 మి.మీ., తూటా గొట్టం పొడవు 50 మి.మీ.) రిమ్ ఉన్న మాన్లిషర్ తూటాయే. పాత లైసెన్సు పుస్తకంలో మాన్లిషర్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది ఫుల్ స్టాక్ అని కాదు. సగం చెక్క .315 కూడా కావచ్చు.

చట్టం సంగతి ముందే

2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు రెండే. అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినా ఈ లెక్క మారదు. కాబట్టి ఇక్కడ సేకరణ అంటే గోడ నిండా వరస పేర్చడం కాదు. ఉన్న రెండు చోట్లలో ఒకటి దేనికి ఇవ్వాలా అని తేల్చుకోవడం. తప్పు తుపాకీకి ఆ చోటు ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి నెలలు పడుతుంది. కొలత మీద ఇంత పట్టు పట్టేది అందుకే.

ఇంకో మూడు విషయాలు. లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చెయ్యడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద నేరం. తుపాకీ మీద ఉన్న నంబరు, పేరు, ముద్రలు చెరపడం, మార్చడం 8వ సెక్షన్ కింద నేరం. పాలిష్ పేరుతో గీకించినా తప్పించుకోలేరు. ఇక .303 బోరు నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. "వందేళ్ల పాతది కదా, లైసెన్సు ఎందుకు" అనే మాట బాగా వినపడుతుంది. 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది మరమ్మతు చేసినా పేలని ఆయుధానికే. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే ఉక్కు గడియ) సాఫీగా ఆడుతున్న 1905 రైఫిల్ ఆ కోవలోకి రాదు. పురాతన ఆయుధాల నియమాలు విడిగా ఉన్నాయి, అవి మీ తుపాకీకి వర్తిస్తాయా లేదా అన్నది కలెక్టరేట్‌లో ఆయుధాల విభాగం తేల్చాలి గాని అమ్మేవాడు కాదు. వేట 1972 వన్యప్రాణి చట్టంతో, దానికి 1991లో వచ్చిన సవరణతో పోయింది. కాబట్టి ఇది చూసుకోవడానికి, కాపాడుకోవడానికే.

ఏ మోడల్‌కి ఎంత పొడవు

మాన్లిషర్-షోనావర్‌లలో 1903 మోడల్, 6.5×54 తూటాది, అన్నిటికన్నా పొట్టి: 450 మి.మీ., అంటే 17.7 అంగుళాలు. తర్వాతి 1905 (9×56), 1908 (8×56), 1910 (9.5×57) మోడళ్లకు 500 మి.మీ., అంటే 19.7 అంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చిన 1950 మోడల్ నుంచి లెక్క మారింది. 6.5 కార్బైన్‌కు (పొట్టి బ్యారెల్ రకానికి) 18¼ అంగుళాలు (సుమారు 464 మి.మీ.), మిగతా కార్బైన్లకు 20 అంగుళాలు (508 మి.మీ.).

ఇక్కడే అసలు కిటుకు ఉంది. అమ్మేవాళ్లు 19.7ని "ఇరవై అంగుళాలు" అనేస్తారు. 500కీ 508కీ మధ్య ఉన్న ఆ 8 మిల్లీమీటర్లే యుద్ధానికి ముందుదా, తర్వాతదా చెప్పే మొదటి ఆనవాలు. అలాగే 6.5లో 450కీ 464కీ మధ్య 14 మి.మీ. అంగుళాల టేపుతో, కంటి లెక్కతో ఇది దొరకదు.

జర్మనీ ఓబెర్న్‌డార్ఫ్ మౌజర్ కంపెనీ వేట రైఫిళ్లలో ఫుల్ స్టాక్‌ది ఎమ్ టైపు, 50 సెం.మీ. బ్యారెల్. సగం చెక్క బి టైపు మామూలుగా 60 సెం.మీ. చెక్ దేశపు బ్రనోలో నిండు చెక్కది 22ఎఫ్, 52 సెం.మీ. (20.5 అంగుళాలు), దాని సగం చెక్క తోడు 21హెచ్. ఈ అంకెలన్నీ మిల్లీమీటర్లలో ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. కొలిచినది వీటికి 2, 3 మి.మీ. అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. బ్యారెల్ వెనక అంచుకీ బోల్ట్ ముఖానికీ మధ్య సందు వల్ల అంత తేడా వస్తుంది. పది దాటితే మాత్రం ఆగండి.

కొలిచే పద్ధతి

ముందు తుపాకీ ఖాళీ చెయ్యాలి. ఎవరు "ఖాళీయే బాబూ" అన్నా సరే. మూతిని మనుషులు లేని వైపు తిప్పి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్‌లోకి (తూటా కూర్చునే చోట్లోకి) చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. మాన్లిషర్-షోనావర్‌కి మ్యాగజైన్ గుండ్రంగా తిరిగే చక్రం, ఐదు తూటాలు పడతాయి. పైనుంచి చూస్తే ఖాళీగా అనిపించి లోపల ఒకటి ఉండిపోవచ్చు. బోల్ట్ తెరిచి ఉండగా రిసీవర్ (బోల్ట్ ఆడే ఉక్కు పెట్టె) కుడి వైపున ఉన్న చిన్న మీట నొక్కితే మిగిలినవి పైకి ఎగిరి వస్తాయి. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటికి తీసి బ్యారెల్ గుండా వెలుతురు చూడండి.

ఇప్పుడు బోల్ట్ మళ్లీ పెట్టి మూసి, సేఫ్టీ వెయ్యండి. తుపాకీ ఎక్కుపెట్టిన స్థితిలోనే ఉండాలి. ఎక్కుపెట్టి లేకపోతే ఫైరింగ్ పిన్ మొన బోల్ట్ ముఖం దాటి బయటికి ఉంటుంది, మీ కడ్డీ దాన్ని తాకి కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది.

కడ్డీగా 5 మి.మీ. మందం, 70 సెం.మీ. పొడవు ఇత్తడి రాడ్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. కొన అడ్డంగా చదునుగా ఆకురాయితో అరగదీసి, అంచుల పదును పోగొట్టి, రెండు మూడు చోట్ల ఒక చుట్టు ఇన్సులేషన్ టేపు వేస్తే బ్యారెల్ లోపలి గాడులకు గీతలు పడవు. ఇనప కడ్డీ వద్దు. మూతి అంచును అది చెరిపితే గురి చెడుతుంది. వెదురు పుల్ల అసలే వద్దు, లోపల చీలి ఇరుక్కుంటుంది.

కడ్డీని మూతిలోంచి మెల్లగా దింపండి. బోల్ట్ ముఖానికి తగిలినప్పుడు పొడిగా, గట్టిగా టక్కుమంటుంది. మెత్తగా ఆగితే అది బోల్ట్ కాదు, లోపల గుడ్డ ముక్కో పురుగు గూడో ఉంది. మూతి మీద స్టీలు స్కేలు అంచును అడ్డంగా ఆనించి, అక్కడ కడ్డీ మీద సన్నగా గీత పెట్టండి. బయటికి తీసి గీత నుంచి కొన దాకా స్టీలు స్కేలుతో మిల్లీమీటర్లలో చదవండి. దర్జీ టేపు సాగుతుంది, దాన్ని వాడకండి. మూడుసార్లు చేసి మూడూ రాసుకోండి.

పొడవు తప్పుగా చెప్పేవాళ్లలో ఎక్కువమంది మోసం చేద్దామని చెప్పరు. బయట కనపడే బ్యారెల్‌ని, రిసీవర్ అంచు నుంచి మూతి దాకా, కొలుస్తారు. కానీ మరలు ఉన్న భాగం, తూటా కూర్చునే చోటు చాలావరకు రిసీవర్ లోపలే ఉంటాయి. అందుకే 450 కాస్తా "పదహారున్నర అంగుళాలు" అయిపోతుంది, మీరు కోసిన బ్యారెల్ అనుకుని మంచి తుపాకీని వదిలేస్తారు.

పొడవుతో పాటు మరో నాలుగు కొలతలు తీసుకోండి: ఉక్కు టోపీ దాటి బ్యారెల్ ఎంత బయటికి ఉంది, మూతి నుంచి ముందు గురి దిమ్మ దాకా ఎంత, మూతి దగ్గర బ్యారెల్ మందం వెర్నియర్‌తో ఎంత, టోపీ నుంచి ముందు పట్టీ కొక్కెం దాకా ఎంత. బ్యారెల్, చెక్క, టోపీ, ముందు గురి నాలుగూ ఒకే మాట చెప్పాలి. ఒక్క పొడవు మాత్రమే సరిపోయి మిగతా మూడు పొసగకపోతే ఆ తుపాకీ మీద ఎవరో చెయ్యి చేసుకున్నారని అర్థం.

కోసినది, అతికినది, మార్చినది

బ్యారెల్ కోయడానికి మామూలు కారణం మూతి దగ్గర దెబ్బ. ఉక్కు టోపీ కింద నీరు నిలిచి ఆ చివరి రెండు మూడు అంగుళాలే ముందు తినేస్తుంది. లేదా మూతిలో మట్టి ఉండగా పేల్చితే బ్యారెల్ ఉబ్బుతుంది. అంతవరకు కోసి, గురి వెనక్కి జరిపి, టోపీ మళ్లీ ఎక్కించేస్తారు. ఆనవాళ్లు ఇవి. బ్యారెల్ మూతి వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి కోసిన చోట మందం ఎక్కువ ఉండి టోపీ రంధ్రం ఆకురాయితో పెద్దది చేసినట్టు కనపడుతుంది. మూతి అంచు మిగతా బ్యారెల్ కన్నా నల్లగానో మెరుస్తూనో ఉంటుంది. గురి దిమ్మ కింద కొత్త టంకం గీత సన్నగా తెల్లగా కనిపిస్తుంది, భూతద్దం పెడితే దాగదు.

ఇందుకు తలకిందులుగా జరిగేది, సగం చెక్క తుపాకీకి ముందు ముక్క అతికి ఫుల్ స్టాక్ చెయ్యడం. అతుకు ఎప్పుడూ పట్టీ కిందే దాస్తారు. పట్టీకి ముందూ వెనకా వాల్‌నట్ చెక్క గీతలు ఒకే ధారగా సాగుతున్నాయా చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి ఏకాండి వీణ చేసేవాళ్లకు ఈ చూపు పుట్టుకతో ఉంటుంది. ఒకే దుంగలో చార ఎక్కడా తెగదు, అతుకులో అది అడ్డంగా తెగి మళ్లీ మొదలవుతుంది.

మూడోది, సైన్యపు తుపాకీని వేట తుపాకీగా దిద్దడం. గ్రీసు సైన్యం వాడినది కూడా మాన్లిషర్-షోనావర్ 1903 యంత్రమే, తూటా కూడా 6.5×54 యే. కాని ఆ రైఫిల్ బ్యారెల్ 725 మి.మీ. దాన్ని కోసి 450కి తెచ్చి చెక్క మార్చితే కొలత సరిగ్గా సరిపోతుంది! అప్పుడు పట్టిచ్చేది రిసీవర్ పైభాగం: రాజముద్ర గీకేసిన పల్లం, చుట్టూ కన్నా సన్నబడిన లోహం. వేట మోడల్‌కి బోల్ట్ పిడి చపటాగా, చెంచా కాడలా ఉంటుంది. మడమ (భుజానికి ఆనించే వెనక చివర) పట్టీలో చిన్న తలుపు, లోపల శుభ్రం చేసే కడ్డీ ముక్కలకు గది ఉంటుంది. ఆ ముక్కలు ఇంకా ఉంటే అదృష్టం. రిసీవర్, బ్యారెల్, బోల్ట్ మీద నంబర్లు ఒకటేనా చూసి, లైసెన్సులో ఉన్న నంబరుతో అంకె అంకె సరిపోల్చండి.

టెలిస్కోప్ కోసం రిసీవర్‌లో రంధ్రాలు వేసి ఉంటే విలువ పడిపోతుంది. ఈ తుపాకీలో బోల్ట్ పిడి రిసీవర్ వెనక భాగంలో పైనున్న వంతెన మధ్యలోంచి జరుగుతుంది కాబట్టి మామూలు మౌంట్ కుదరదు. అందుకే ఎవరికి తోచినట్టు వాళ్లు తొలిచేస్తారు. కంపెనీయో పేరున్న తుపాకీ పనివాడో పెట్టిన గోరు మౌంట్ (గోళ్లలాంటి కొక్కేలతో పట్టేది) అయితే ఇబ్బంది లేదు.

జంట ట్రిగ్గర్లు ఉంటే వెనకది లాగితే చిన్నగా క్లిక్ మని అమరుతుంది, ముందుది తాకితే చాలు వదులుతుంది. అమర్చాక మడమను అరచేత్తో కొట్టినా జారకూడదు. మందు లేని డమ్మీ తూటా పెట్టి రెండు మూడుసార్లు చూస్తే చాలు, అదే పనిగా ఆడించకండి.

చెక్క కింద తుప్పు

పైన కొత్తగా మెరుస్తున్న ఫుల్ స్టాక్ తుపాకీ లోపల తుప్పు పట్టి ఉండడం మన తీరంలో వింత కాదు. చెక్కకూ బ్యారెల్‌కూ మధ్య సన్నని పొడవైన సందు. అందులో దిగిన తేమకు బయటపడే దారి లేదు. పైన ఏడాదికి నాలుగుసార్లు నూనె రాసినా కింద చెయ్యి వెళ్లదు. అందుకే వీలైతే కొనే ముందే, అమ్మేవాళ్ల ఎదుటే, చెక్క విప్పించి చూడండి.

విప్పే వరస తప్పితే చెక్క చీలుతుంది. బోల్ట్ తీయాలి. మ్యాగజైన్ అడుగు పలకలో రంధ్రం ఉంటుంది, అందులో మొనతో నొక్కి పలకను అడ్డంగా తిప్పితే చక్రంతో సహా వచ్చేస్తుంది. తర్వాత మూతి టోపీ మర, పట్టీ మర, చివర్లో ట్రిగ్గర్ గార్డు వెనక మర, ముందు మర. మరల గాడిలో ముందు రోజు రాత్రే కుట్టుమిషను నూనె చుక్క వేసి ఉంచాలి. గాడికి సరిగ్గా బిగుతుగా పట్టే స్క్రూడ్రైవర్ లేకపోతే ఆ రోజుకి పని ఆపండి. చెదిరిన గాడి ఉన్న మర చూస్తే కొనేవాళ్లకు వంద అనుమానాలు. అన్నీ వచ్చాక తుపాకీని తలకిందులు చేసి, లోహాన్ని కింద మెత్త మీద ఆనించి, చెక్కను మొత్తం పొడవునా ఒకేసారి సమానంగా పైకి లేపాలి. మడమ పట్టుకుని ఎత్తారా, మూతి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల గోడ పుటుక్కుమంటుంది.

ఎర్రగా పైపైన ఉన్న తుప్పుకు కుట్టుమిషను నూనె పోసి ఒక రాత్రి నానబెట్టి, పాత రాగి నాణెం అంచుతో మెల్లగా గీకండి. రాగి ఉక్కు కన్నా మెత్తన, తుప్పు లేస్తుంది, నల్ల రంగు ఎక్కువగా పోదు. గరుకు కాగితం, యాసిడ్ ముట్టుకోవద్దు. తుప్పు పోయాక గుంటలు కనపడితే, ముఖ్యంగా తూటా కూర్చునే చోటుకి దగ్గరగా ఉంటే, లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతు దుకాణంలో చూపించందే పేల్చే ఊసే ఎత్తకండి. బ్యారెల్ లోపలి గుంటల కథ వేరు. పాత తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక ఉప్పు మిగిల్చేది. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నీళ్లతో కడగకుండా నూనె మాత్రమే రాసి పెట్టిన బ్యారెల్ లోపల నుంచి తినేసి ఉండడం అందుకే.

చెక్క లోపలి కాలువకు ఉడికించిన అవిసె నూనె అతి పల్చగా ఒక పూత, పూర్తిగా ఆరాక తేనెమైనం. పచ్చి అవిసె నూనె మన ముసురులో వారాలు గడిచినా జిడ్డుగానే ఉంటుంది. కొబ్బరి నూనె లోహానికీ చెక్కకీ రెండింటికీ వద్దు. ముక్కిపోయి ఆమ్లం పుట్టి తుప్పును పిలుస్తుంది. మళ్లీ బిగించాక చెక్కకూ బ్యారెల్‌కూ మధ్య ఒక కాగితం చీలిక జరిపి చూడండి. ఆషాఢంలో ఆగిపోయి మాఘంలో సాఫీగా జరిగితే చెక్క తేమకు ఉబ్బి బ్యారెల్‌ని నెడుతోందన్నమాట. ఇలాంటి తుపాకులు వానాకాలంలో ఒక చోట, ఎండాకాలంలో ఒక చోట కొట్టేది ఈ కారణంగానే. దానికోసం చెక్క తొలిచెయ్యకండి, అది అసలు రూపం పోగొడుతుంది.

దాచేటప్పుడు తోలు సంచి, గుడ్డ గలేబు తీసెయ్యండి. రెండూ తేమ పట్టి ఉంచుతాయి. స్టీలు బీరువాలో మూతి కిందికి ఉంచితే నూనె మడమ చెక్కలోకి దిగదు. అర కిలో సిలికా జెల్, ఒక తేమ కొలిచే డయల్ పెట్టి, ముల్లు 45, 55 మధ్య ఉండేలా చూసుకోవాలి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటుతో నడిచే తేమ యంత్రం ఒక్కదాన్నే నమ్ముకోకండి.

కాగితాలు

బ్యారెల్ మీద దుకాణం పేరు ఉంటే, కలకత్తా మాంటన్, రొడ్డా లాంటివి, అది తుపాకీ వచ్చిన దారి చెబుతుంది. పరీక్ష ముద్రలు ఆస్ట్రియావా, జర్మనీవా, బర్మింగ్‌హామ్‌వా అన్నది ఫొటో తీసి పెట్టుకోండి. పాత లైసెన్సు వెతికేటప్పుడు మన జిల్లాల చరిత్ర గుర్తుండాలి. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. అంతకుముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోవి. శ్రీకాకుళం 1950లో విశాఖపట్నం నుంచి వేరుపడింది. 2022లో సాలూరు, కురుపాం, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. ఒకే తుపాకీ ఫైలు ఇల్లు కదలకుండానే మూడు కలెక్టరేట్ల చేతులు మారి ఉండొచ్చు. అడిగేటప్పుడు ఏ సంవత్సరం, ఏ తాలూకా అని చెబితే పని త్వరగా అవుతుంది. యజమాని చనిపోతే వారసుడు తన పేర లైసెన్సు తెచ్చుకునే దాకా తుపాకీ పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు.

ఎన్నికలప్పుడు కూడా డిపాజిట్ చెయ్యమంటారు. ఇచ్చే ముందు రోజు బ్యారెల్ లోపల, బోల్ట్ మీద చిక్కటి నూనె పట్టించి, నంబర్లు, మూతి, టోపీ, రెండు వైపుల చెక్క తేదీ పడేలా ఫొటోలు తియ్యండి. రసీదులో నంబరుతో పాటు "ఫుల్ స్టాక్, బ్యారెల్ 450 మి.మీ." అని రాయించండి. తిరిగి తీసుకునేటప్పుడు ఇత్తడి కడ్డీ వెంట పట్టుకెళ్లి, సంతకం పెట్టే ముందే బోల్ట్ తీసి లోపల వెలుతురు చూసి, ఇంటికి వచ్చిన రోజే చెక్క విప్పి ఆరబెట్టండి.